సీటీ లేని కుక్కర్

కుక్కర్ సీటీ ఎటు వోయిందో ఎవ్వనికి ఎర్క లేదు.
మంచాల కింద దేవులాడినం,
బియ్యం సంచిల మోచేతి దాక పెట్టి కలియబెట్టినం,
ఖాజా తన జానిమాజు సుత దులిపిండు.
సోహార్‌ల శుక్రవారం, పొద్దుగాల పది.
గోడ అవుతల సముద్రం ఉన్నదంటరు గని
మా కిటికీకి దొరికింది ఒక పొగగొట్టం,
దాని ముంగట నీళ్ల ట్యాంకరు.

పోశెట్టి మణికట్టు ఇరిగి నాలుగొద్దులు.
ఇరవయ్యో అంతస్తు మీదికెల్లి పడి కాదు,
బాత్రూంల సబ్బు మీద కాలు వెట్టి.
గట్లయితె కంపెనీకి సంబంధం లేదట.
సిమెంటు పట్టీతోని గోడకు ఒరిగి కూసున్నడు,
ఇంటికి ఫోన్ల మొకం ఒక్కటే సూపిస్తడు.

నేను సెంట్రింగోన్ని, నాకు తెలిసిన లెక్క ఒక్కటే:
స్లాబు పోసినంక ఇరవై ఎనిమిది రోజులు
కింది జాకీలు కదిలియ్యద్దు.
మరి బొక్కకు జాకీ ఏంది?
"బొక్కల సూపు" అన్నడు ఆశన్న,
గదేదో అందరికి తెల్వాల్సిన ముచ్చటోలె.

బలూచి కసాయి దుర్ మహమ్మద్‌కు
నా చెయ్యి ఇరిసినట్టు సైగ చేసి సూపెట్టిన.
నల్లి బొక్కలను నడుమకు కొట్టిచ్చిండు,
గొర్రె కాళ్లు నాలుగు కాల్చి గీకిచ్చిండు,
పైనకెల్లి రెండు ఎండు నిమ్మకాయలు ఏసిండు,
బొగ్గోలె నల్లగ.
లూమీ, అన్నడు. ఊపితే లోపట గింజలు గలగలమన్నయ్.
చింతపండు దొరకని కాడ
పులుపు గిట్ల దాక్కుంటదని నాకప్పుడే తెలిసింది.

సీటీ లేదు గదా, గంజుల ఎక్కిచ్చినం.
కుక్కరయితె పది సీటీలు, లెక్కవెట్టి దింపుడే.
గంజుకు నోరు లేదు,
మనమే పోయి మూత లేపి అడగాలె.
తొమ్మిదో నంబరు పొయ్యి, మనిషికో గంట కావలి.
పక్క పొయ్యి మీద నేపాలోళ్ల పప్పు పొంగుతున్నది,
ఎవ్వరు లేరని మంట మేమే తగ్గిచ్చినం.

మిర్యాలకు రోలేది?
స్టీలు గిలాస, సైటుకెల్లి తెచ్చిన బొటనేలంత బోల్టు,
మూడు మాట్ల వేడినీళ్ల కడిగి.
ఇనుప పైపులను కరిసి పట్టుకొనెతందుకు పుట్టినది
ఆ దినం మిర్యాల మీద నాట్యమాడింది,
అవుతలి రూమోళ్లు గోడ కొట్టేదాక.
జల్లెడ లేదు, చాయ్ జాలి ఉన్నది.
గంటె పిడి ఊడి నెలయింది.
ప్లైవుడ్ తునక చెక్కి నేనే బిగిచ్చిన, జరంత వంకర.

సత్తిరాజుది రాజోలు.
"మా అమ్మయితే ములక్కాడ వేసేదండీ" అన్నడు.
నవ్వినం.
ఆయన మాత్రం నవ్వలె, తన గంటసేపు
తెట్టె తీసుకుంటనే నిలవడ్డడు,
పసిపిల్ల మూతి తుడిసినంత నిమ్మళంగ.

నాలుగు దాటినంక నల్లిలకెల్లి మూలుగ జారింది,
నీళ్లు నీళ్లోలె లేవు, పెదవులకు అంటుకుంటున్నయ్.
పోశెట్టి ఎడమచేత గిలాస వట్టుకున్నడు.
అప్పుడే ఫోన్ మోగింది, అలవాటుకొద్ది ఎత్తిండు.

"ఏం తాగుతున్నవ్?"
"సూపు."
"ఏం సూపు?"
ఆశన్న వద్దని కండ్లతోని సైగ జేసిండు. లేటయింది.
"బొక్కలది."
అటు దిక్కు చప్పుడు లేదు.
మా ఊళ్ల బొక్కల సూపు రుచికి తాగరు.
"ఎవలకు ఇరిగింది?" అన్నది గంగవ్వ.
రూముల ఆరుగురం, ఆరుగురం నేల దిక్కు సూసినం.
పోశెట్టి ఫోన్‌ను మెల్లగ కిందికి దింపిండు,
మెడ, బనీను, తెల్ల పట్టీ.

ఏడుస్తదనుకున్నం.
"నల్లి కొట్టిచ్చిన్రా, అట్లనే ఏసిన్రా?" అన్నది.
"మిర్యాలు దంచిన్రా, డబ్బల పొడేనా?"
నేను బోల్టు సూపెట్టిన.
"ఎంతసేపు మరిగిచ్చిన్రు?"
"ఆరు గంటలు."
గొంతు జర మెత్తవడ్డది.
"గంటె ఏదీ?"
సూపిచ్చిన.
"పిడి వంకరున్నది."
అవ్ చెల్లె, వంకరే.